రామప్ప చూసి రాత్రికల్లా పట్నం వాపస్.. వీళ్లను ఒక్క పూట ఆపేది ఎట్లా?

టెంపో_ఓరుగల్లు
హన్మకొండలో చిన్న ట్రావెల్స్ నాది, రెండు టెంపో ట్రావెలర్లు తిరుగుతాయి. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు రాగానే ఇక మన పంట పండిందనుకున్నాం. జనం వస్తున్నారు, కాదనను. కానీ ఎట్లా వస్తున్నారు? పొద్దున హైదరాబాద్‌లో బయల్దేరి వేయిస్తంభాల గుడి, కోట, రామప్ప చుట్టేసి, టైముంటే లక్నవరం వేలాడే వంతెన మీద నాలుగు ఫొటోలు దిగి, రాత్రికి ఉప్పల్‌లో దిగిపోతారు. మన దగ్గర వాళ్లు ఖర్చు పెట్టేది బిర్యానీకి, నీళ్ల బాటిల్‌కు. చీకటి పడ్డాక ఇక్కడ చూడటానికేముంది అంటారు.
డోలు కొడుతూ మల్లన్న కథ చెప్పే ఒగ్గుకథ ఉంది, వేషాలు కట్టి ఆడే చిందు ఉంది, పేరిణి నాట్యం ఉంది, బట్ట మీద కథంతా గీసే చేర్యాల పటం ఉంది. ఏమీ లేదంటే కడుపు మండదా? ప్రతి శనివారం రాత్రి ఒక హాలు తీసుకుని 45 నిమిషాల ఒగ్గుకథ పెట్టిస్తే ప్యాకేజీలో కలుపుకోవచ్చని ఒక బృందాన్ని అడిగాను. పెద్దాయన నవ్వి, "45 నిమిషాల్లో మల్లన్న పుట్టనే పుట్టడు బిడ్డా" అన్నాడు. ఎవరైనా ఇట్లాంటిది చేసి ఉంటే ఎట్లా ఒప్పించారో చెప్పండి.

అమెరికా_అల్లుడు
పెద్దాయన డైలాగ్ అదుర్స్. ఆయన్నే స్టాండప్‌కు పెట్టు అన్నా, హాలు నిండుతుంది.

జనగామ_చౌరస్తా
ఒప్పించడం తర్వాత సంగతి. ముందు మీ టూరిస్టులకు ఒగ్గుకథ అంటే ఏంటో తెలుసా? మా చుట్టాల పిల్లలే "అది డీజేనా అంకుల్" అని అడుగుతున్నారు.

గజ్జెల_మోత
మా మేనమామల ఇంట్లో మూడు తరాలుగా ఒగ్గు ఉంది, కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను.
మీరంతా ఒగ్గుకథ అనే ఒక్క మాట కింద మూడు వేరు వేరు పనులను కలిపేస్తున్నారు. ఒకటి పట్నం వేయడం. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి వేళ్ల సందు నుంచి జారవిడుస్తూ నేల మీద ముగ్గు నింపుతారు, దాని మీద మల్లన్న కల్యాణం జరుగుతుంది. అది పూజ. చేసేది ఒగ్గు పూజారి, చేయించుకునేది మొక్కు ఉన్న ఇల్లు. దాన్ని హాల్లో టికెట్ పెట్టి చేయమంటే ఎవరూ చేయరు, చేయకూడదు కూడా.
రెండోది కథ చెప్పడం. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ. ప్రధాన కథకుడు ఒకరు, పక్కన వంతకు, నవ్వించడానికి ఒకరు, వెనక డోలు, తాళాలు, ఊదే నపీర. ఇది ఎక్కడైనా చెప్పొచ్చు. చుక్క సత్తయ్య గారు దీన్ని ఢిల్లీ దాకా తీసుకుపోయారు, సంగీత నాటక అకాడమీ అవార్డు కూడా తెచ్చారు. ఆయన వేదిక ఎక్కినందుకు మల్లన్నకేం కోపం రాలేదు.
మూడోది ఒగ్గు డోలు. డోళ్లు కట్టుకుని ఒకరి మీద ఒకరు ఎక్కి విన్యాసాలు చేస్తారు చూడండి, ర్యాలీల్లో, ప్రారంభోత్సవాల్లో కనపడేది అదే. 10 నిమిషాలు చేయమన్నా చేస్తారు.
మీ పెద్దాయన నవ్వింది మీరు 45 నిమిషాలు అన్నందుకు కాదు. ఏ కథ, ఏ ఘట్టం అని అడక్కుండా టైము మాత్రమే అడిగినందుకు.

టెంపో_ఓరుగల్లు
ఈ ముక్క ఎవరూ చెప్పలేదు అన్నా. మరి ఒక్క ఘట్టమే చెప్పమంటే చెప్తారా?

గజ్జెల_మోత
ఎందుకు చెప్పరు? గంటన్నర ఇవ్వండి, బండారు (పసుపు) పోసి మొదలుపెట్టుకోనివ్వండి. ఒకే ఒక్క షరతు: మధ్యలో లేచి పోయే వాళ్లను తీసుకురాకండి.

హిస్టరీ_సార్
పేరిణి పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. మీ గైడ్లు రామప్ప ముందు నిలబడి "800 ఏళ్లుగా తెగకుండా వస్తున్న నాట్యం" అని చెప్తున్నారు, దయచేసి ఆపించండి. గుడి 1213 నాటిది, రేచర్ల రుద్రుడు కట్టించాడు, అది శాసనంలోనే ఉంది. కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి, జాయప సేనాని తన నృత్తరత్నావళి గ్రంథంలో పేరిణి లక్షణాలు రాశాడు, అదీ నిజమే. కానీ కాకతీయుల తర్వాత అది తెగిపోయింది. నటరాజ రామకృష్ణ గారు ఆ గ్రంథాన్నీ, రామప్ప గోడల మీది భంగిమలనూ ముందు పెట్టుకుని 20వ శతాబ్దంలో మళ్లీ నిలబెట్టారు. ఉన్న కథే ఇంత గొప్పగా ఉంటే లేనిది కల్పించడం దేనికి?

అమెరికా_అల్లుడు
సార్, టూరిస్టుకు "పునరుద్ధరించిన" అంటే ఎక్కుతుందా? వీరులు యుద్ధానికి ముందు చేసిన తాండవం అంటేనే రోమాలు లేస్తాయి.

హిస్టరీ_సార్
రోమాలు లేపడానికి శంఖం, డప్పు చాలు బాబూ, అబద్ధం అక్కర్లేదు. రాతి మీద ఆగిపోయిన అడుగును ఒక మనిషి చదివి మళ్లీ కాళ్లకు నేర్పించాడంటే ఎవరైనా నోరు తెరిచి వింటారు. మా విద్యార్థుల దగ్గర చూశాను. ముందు గోడ మీది శిల్పం చూపించి తర్వాత నాట్యం చూపిస్తే "ఇది అదే కదా సార్" అని వాళ్లే పట్టుకున్నారు.

జనగామ_చౌరస్తా
ఈ ఒక్క విషయంలో సార్‌తో ఏకీభవిస్తున్నా. మిగతావాటిలో ఎప్పటిలాగే కాదు.

పాలంపేట_టీస్టాల్
రామప్ప గుడి ముందు నాట్యం పెట్టిన రోజు జనం ఆగుతారు, నిజం. ఆ రోజు నాకు పాలు చాలవు. కానీ ఎప్పుడు పెడతారో మాకే ముందు రోజు తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఉన్నవాడికి ఎట్లా తెలియాలి? నెలకు ఒకటే పెట్టినా ఫలానా శనివారం అని ఖాయంగా ఉంటే చాలు.

కొత్తవాడ_మగ్గం
నాదీ ఒక బాధ. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. మా తివాచీలు 1851లోనే లండన్ ప్రదర్శనకు పోయాయని గొప్పగా చెప్పుకుంటాం. సరే, ఆ పేరు చూసి కొత్తవాడకు మనుషులు వస్తున్నారు. వచ్చి ఏం చేస్తారు? "ఒక్కసారి కూర్చోవచ్చా" అని మగ్గం మీద కూర్చుని, పేక దారం ఉండే నాడె ఎడాపెడా విసిరి, వీడియో తీసుకుని, "సూపర్ అంకుల్" అని లేచిపోతారు. నేసిన దాంట్లో రెండు మూడు వరుసలు విప్పి మళ్లీ నేయాలి. మాకు కూలి గజాల లెక్కన. మీరు కూర్చున్న అరగంట నా కూలిలోంచి పోతుంది. కొన్నారా అంటే లేదు, బరువు ఎక్కువట, కారులో చోటు లేదట.

జనగామ_చౌరస్తా
పక్కన పాత మగ్గం ఒకటి టూరిస్టులకే పెట్టి మనిషికి ఇంత అని వసూలు చేయొచ్చు కదా?

కొత్తవాడ_మగ్గం
పెట్టొచ్చు. ఆ మగ్గానికి చోటెక్కడ? ఇంట్లో మనుషులు పడుకునేదే ఉన్న మగ్గం పక్కన. సొసైటీ షెడ్డులో పెడితే మంచి ఆలోచనే, కాదనను. పెట్టేవాళ్లు కావాలి.

టెంపో_ఓరుగల్లు
అన్నా, నా పార్టీలకు ముందే చెప్పి, కూర్చున్నందుకు మనిషికి వంద చొప్పున నేనే కట్టిస్తా. ప్యాకేజీలో కలిపేస్తే ఎవరికీ నొప్పి ఉండదు. చిన్న ఆసనాల సైజు జంపఖానాలు నేస్తే కారులో చోటు గొడవ కూడా పోతుంది.

కొత్తవాడ_మగ్గం
ఆసనాలు నేస్తున్నాం ఇప్పటికే. మీవాళ్లు అడగరు, మావాళ్లు చెప్పరు.

అమెరికా_అల్లుడు
ఒక డౌటు. రామప్పకు యునెస్కో ఉంది కాబట్టి పేరిణికి, బతుకమ్మకు కూడా వచ్చినట్టేనా?

హిస్టరీ_సార్
కాదు. రామప్పకు వచ్చింది 1972 ఒప్పందం కింద, అది కట్టడాలకు, స్థలాలకు. ఆటపాటలకు, పండుగలకు, చేతిపనులకు 2003 ఒప్పందం కింద ఇంకో జాబితా ఉంది. అందులో కోల్‌కతా దుర్గాపూజ 2021లో, గుజరాత్ గర్బా 2023లో చేరాయి. మన తెలుగు నేలకే చెందింది ఒక్కటీ లేదు. జీఐ అనేది మూడోది, అది సరుకు పేరుకు రక్షణ, అంతే. ఈ మూడింటినీ కలిపి కొట్టే బోర్డులు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి.

సద్దుల_బతుకమ్మ
గర్బాకు వచ్చింది, బతుకమ్మకు రాలేదని ఏడవడం నాకు నచ్చదు. యునెస్కో వచ్చేదాకా మనం ఆగామా? బతుకమ్మ మొదలయ్యే ఎంగిలి పూల రోజు వేయిస్తంభాల గుడికి రండి, కాలు పెట్టడానికి సందుండదు.
నా బాధ వేరే. పోయిన ఎండాకాలం ఒక రిసార్టు వాళ్లు ఫోన్ చేశారు. గెస్టుల కోసం బతుకమ్మ ఆడాలట, 20 మంది ఆడవాళ్లు పట్టుచీరల్లో కావాలట. మే నెలలో గునుగు పువ్వు ఎక్కడి నుంచి తేవాలి? తంగేడు ఎక్కడుంది? అంటే, "పర్లేదు మేడం, ప్లాస్టిక్ బతుకమ్మ మా దగ్గర ఉంది, బ్యాటరీ పెడితే లైట్లు కూడా వెలుగుతాయి" అన్నాడు.

అమెరికా_అల్లుడు
బ్యాటరీ బతుకమ్మ 😂 నిమజ్జనం చేస్తే షాక్ కొడుతుందేమో!

సద్దుల_బతుకమ్మ
నవ్వండి నవ్వండి. అదే భాద్రపదం అమావాస్యకు ముందు రోజు మా ఇంటికి ఒక కుటుంబాన్ని పంపండి. గునుగు కట్టలు కోసి, కొసలు సమంగా కత్తిరించి, రంగు నీళ్లలో ముంచి, తాంబాలంలో వలయాలుగా పేర్చడానికి పొద్దంతా పడుతుంది. మధ్యలో కూలకుండా ఆకులు, కాడల ముక్కలు కూరడం అసలు పని. ఆ పని చేతులు కలిపి చేస్తే వాళ్లకూ గుర్తుంటుంది, మాకూ సాయం. మా వీధిలో నాలుగైదు ఇళ్లు ఒప్పుకుంటాయి. డబ్బులిస్తే తీసుకుంటాం, సిగ్గేం లేదు. పండుగ రోజు మాత్రం వాళ్లు చూడటానికి కాదు, ఆడటానికి రావాలి.

ఉట్నూరు_టీచర్
ఇంతసేపు చదువుతున్నా. మా వైపు సంగతి కూడా వినండి. మా గోండుల గుస్సాడి నాట్యం వీడియోలు చూసి "ఫిబ్రవరిలో మా ఈవెంట్‌కు నలుగురిని పంపిస్తారా" అని ఫోన్లు వస్తాయి. గుస్సాడి ఆడే దండారి పండుగ దీపావళి ముందు మొదలవుతుంది. నెమలి ఈకల టోపీకి పూజ చేసి తీస్తారు, వేషం కట్టినవాళ్లు ఒంటికి బూడిద పూసుకుంటారు, దీక్ష ముగిసేదాకా స్నానం చేయరు. ఒక ఊరి వాళ్లు ఇంకో ఊరికి అతిథులుగా పోతారు. ఆ వేషం ఫంక్షన్ హాల్లో బఫే పక్కన నిలబెట్టేది కాదు.

జనగామ_చౌరస్తా
కానీ సార్, మర్లవాయి కనక రాజు గారు గుస్సాడిని ఢిల్లీ గణతంత్ర వేడుకలకు తీసుకుపోలేదా? 2021లో పద్మశ్రీ వచ్చింది అందుకే కదా. అప్పుడు లేని అపచారం ఇప్పుడెందుకు?

ఉట్నూరు_టీచర్
మంచి ప్రశ్నే. తీసుకుపోయారు, పిల్లలకు నేర్పారు కూడా. 2024లో పోయారు, ఆయన లేని లోటు ఇక్కడ తెలుస్తుంది. తేడా ఏంటంటే, అక్కడ ఏం చూపించాలి, ఏం చూపించకూడదు అన్నది గురువు తేల్చాడు. ఈవెంట్ మేనేజర్ కాదు. నా అభ్యంతరం వేదిక మీద కాదు, ఎవరు తేలుస్తారన్న దాని మీద. నాగోబా జాతరలో కూడా అంతే. గోండుల్లో మెస్రం వంశం వాళ్లు చెప్పులు లేకుండా నడిచి గోదావరి నీళ్లు తెచ్చి చేసే మహాపూజ వాళ్ల ఇంటి పని. కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ వాళ్ల ఇంటి పని. ఆ తర్వాత రోజుల్లో కేస్లాపూర్‌లో అంగళ్లు, దర్బారు, జనం అందరివీ. అక్కడికి ఎంతమందినైనా తీసుకురండి. డ్రోన్ మాత్రం తేకండి.

పాలంపేట_టీస్టాల్
మేడారంలోనూ అంతే. చిలకలగుట్ట మీద పూజారులు ఏం చేస్తారో ఎవరికీ కనపడకూడదు. సమ్మక్కను కిందికి తెచ్చాక దారంతా జనమే.

చింతగింజ
చేర్యాల నుంచి. మా పటాలకు గిరాకీ ఉంది, అది టూరిజం పుణ్యమే. మాస్కులు, గోడకు పెట్టుకునే చిన్న ఫ్రేములు, కీ చైన్లు పోతున్నాయి. ఇల్లు గడుస్తోంది.
కానీ అసలు పటం ఎవరి కోసం పుట్టింది? ఖద్దరు బట్టకు సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, బంక కలిపి పూత మీద పూత పూసి ఆరబెట్టి, ఎర్ర నేల మీద కథంతా వరుసగా గీస్తే గజాల కొద్దీ పొడుగు వచ్చేది. కొనేది కాకి పడగల వాళ్లు, కూనపులి వాళ్లు, డక్కలి వాళ్లు. ముదిరాజులకు, పద్మశాలీలకు, మాదిగలకు వాళ్ల కుల పురాణం చెప్పడానికి ఊరూరా తిరిగేవాళ్లు. పటం పాతబడితే నదిలో కలిపి కొత్తది గీయించుకునేవాళ్లు. ఇప్పుడు బొమ్మ బతికింది, కథ చెప్పే మనిషి పోయాడు. డ్రాయింగ్ రూములో వేలాడే ఫ్రేము కింద ఏ కథ ఉందో కొన్నవాడికి తెలియదు. ప్యాకేజీ చేసేవాళ్లు మా ఇంట్లో వర్క్‌షాప్ పెట్టినప్పుడు పటం విప్పి చెప్పే కుటుంబాన్ని కూడా పిలిపించండి. నేను గీసిందాన్ని ఆయన కర్రతో చూపిస్తూ పాడితేనే అది పటం.

గజ్జెల_మోత
ఇది పాయింటు. బొమ్మ మోసుకుపోవచ్చు కాబట్టి దానికి మార్కెట్ దొరికింది. కథకుడిని సంచిలో వేసుకుని పోలేరు.

సద్దుల_బతుకమ్మ
పిల్లలతో వచ్చేవాళ్లకు ఇది బాగుంటుంది. గంటసేపు మాస్కుకు రంగు వేస్తారు, తర్వాత కథ వింటారు. చేర్యాల నుంచి కొమురవెల్లి మల్లన్న గుడి కూడా దగ్గరే.

జనగామ_చౌరస్తా
మా పెంబర్తిని అందరూ మర్చిపోయారు. 2023లో కేంద్ర పర్యాటక శాఖ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో మా పెంబర్తి, సిద్దిపేట జిల్లా చంద్లాపూర్ ఉన్నాయి. హైదరాబాద్ నుంచి వరంగల్ వచ్చే ప్రతి బండీ మా ముందు నుంచే పోతుంది, ఒక్కటీ ఆగదు. ఇత్తడి రేకును లక్క మీద పెట్టి ఉలితో పువ్వు లేపుతుంటే చూడాలి. ధ్వజస్తంభాల తొడుగులు, మకర తోరణాలు ఇక్కడి నుంచే పోతాయి. పంజాబ్‌లో జండియాలా గురు అనే ఊళ్లో ఇత్తడి, రాగి పాత్రలు కొట్టే పనికి 2014లోనే యునెస్కో జాబితాలో చోటు దొరికింది. మాకేం తక్కువ?

హిస్టరీ_సార్
తక్కువేం లేదు. అక్కడ ఆ పనిని, అది చేసేవాళ్ల జీవితాన్ని కలిపి రాసి పంపారు. మనం మొమెంటోలు చేయించుకుని మంత్రులకు ఇస్తున్నాం.

కొత్తవాడ_మగ్గం
సార్ ఈరోజు ఫామ్‌లో ఉన్నారు.

టెంపో_ఓరుగల్లు
ఇంత మంది ఇన్ని చెప్పారు కాబట్టి నా లెక్క మార్చుకుంటున్నా, చూడండి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఒగ్గు వాళ్లకు ఆదివారాలు ఖాళీ ఉండవు. కొమురవెల్లి, ఐనవోలు మల్లన్న జాతరలు కిటకిటలాడతాయి. ఆ నెలల్లో హాలు మాట వద్దు, పార్టీనే జాతరకు తీసుకుపోతా. శివరాత్రికి కొమురవెల్లి పెద్దపట్నం చూపిస్తే ఒక రాత్రి ఆగక తప్పదు. ఇక వానాకాలం. బొగత జలపాతానికి, లక్నవరానికి జనం వచ్చేది అప్పుడే. ఆ నెలల్లో కళాకారులకు పనుండదు. అప్పుడు శనివారం రాత్రి కథ, ఒక ఘట్టం, గంటన్నర. కుదురుతుందా?

గజ్జెల_మోత
కుదురుతుంది. కానీ వానాకాలంలో వాళ్లు పొలం పనుల్లో ఉంటారు, అది మర్చిపోకు. నాట్లు అయ్యాక మొదలుపెట్టు. సీజన్‌కు ముందే బయానా ఇవ్వాలి, వాన పడి పార్టీ రాకపోయినా బయానా వాపస్ అడగొద్దు. డబ్బు బృందం పెద్దకే నేరుగా ఇవ్వాలి. మధ్యలో హాలు వాడు, మైకు వాడు, గైడు పంచుకోగా మిగిలింది ఏడుగురికి పంచితే డోలు తోలు మార్చుకోవడానికి కూడా రాదు. ఒక చోట అట్లాగే అయింది. టికెట్ మీద రాసింది ఎంత, చేతికొచ్చింది ఎంత అని చూసి మా మామ మళ్లీ ఆ వైపు పోలేదు.

అమెరికా_అల్లుడు
టికెట్ మీదే "ఇందులో కళాకారులకు ఇంత" అని అచ్చు వేయించండి. మా దగ్గర కొన్ని చోట్ల అట్లా రాస్తారు, చూసేవాడికి కూడా ఇచ్చామన్న తృప్తి ఉంటుంది.

టెంపో_ఓరుగల్లు
మొదటిసారి పనికొచ్చే మాట చెప్పావు అల్లుడూ. వేయిస్తా.

జనగామ_చౌరస్తా
ఒగ్గు ఒక్కటే కాదు, చిందు వాళ్లను కూడా చూడండి. గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది, మా జిల్లాయే. చిందుకు వేషాలు, కిరీటాలు ఉంటాయి, భాష రాని వాళ్లకు కూడా కంటికి పండుగ.

పాలంపేట_టీస్టాల్
అంతా బాగుంది. రాత్రి ఆపుతామంటున్నారు కదా, గదులు ఎక్కడ? మా ఊళ్లో రెండిళ్ల వాళ్లు గదులు ఇస్తామంటున్నారు కానీ ఇంగ్లిష్ టాయిలెట్ ఒక్కదానికే ఉంది.

సద్దుల_బతుకమ్మ
ఆడవాళ్లు ఆగకపోవడానికి సగం కారణం అదే. ఒగ్గుకథ కంటే ముందు ఆ రెండో ఇంటికి టాయిలెట్ కట్టించండి.

టెంపో_ఓరుగల్లు
ఆ ఇంటి వాళ్లతో మాట్లాడిస్తావా అన్నా? సీజన్ అడ్వాన్స్ కింద నేను కొంత పెడతా, అద్దెలో కోసుకుంటా.

పాలంపేట_టీస్టాల్
ఎల్లుండి రా, మధ్యాహ్నం. పొద్దున గుడి రష్‌లో నాకు తీరదు.

హిస్టరీ_సార్
కథకు ముందు ఒక ఐదు నిమిషాలు కాకతీయుల గురించి నేను పరిచయం చేస్తాను, డబ్బులేం వద్దు.

గజ్జెల_మోత
సార్, అది బస్సులో కానివ్వండి. డోలు పడ్డాక మామ మైకు ఎవరికీ ఇవ్వడు.